పెనుకొండ నుంచి వెళ్లిన విన్నపం

శ్రవణబెళగొళలోని భండారి బసది అనే జైనాలయంలో ఒక కన్నడ శాసనం ఉంది. శక సంవత్సరం 1290 నాటిది, అంటే క్రీ.శ. 1368. ఆనెగొంది, హొసపట్టణం, పెనుగొండ, కల్లేహ పట్టణాల కింది నాడుల్లో ఉన్న జైనులంతా కలిసి విజయనగర రాజు బుక్కరాయలకు మొరపెట్టుకున్నారని, శ్రీవైష్ణవ భక్తులు తమకు చేస్తున్న అన్యాయాలను విన్నవించుకున్నారని ఆ శాసనం చెబుతుంది. ఆ పెనుగొండే మన పెనుకొండ. ఆరున్నర శతాబ్దాల కిందట ఈ కొండ కింది నుంచి కొందరు మనుషులు తమ విశ్వాసం కోసం రాజు గడప తొక్కారు. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్ల పేర్లు మిగల్లేదు. విన్నపం మిగిలింది.

ఆ ఊరిని చూడడానికి బయల్దేరినప్పుడు నా సంచిలో ఉన్నవి మాత్రం వేరే దేశపు విన్నపాలు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో తొలి బాప్తిస్టులు రాసిన పుస్తకాలు. అక్కడ రాజ్యానికీ చర్చికీ అధిపతి ఒక్కడే, రాజు. ఆ ఏర్పాటును ఒప్పుకోని మనుషులు చెరసాలల్లో కూర్చుని కూడా తమ మీద పడిన నిందలకు జవాబులు రాశారు. మన తెలుగు బాప్తిస్టు సంఘాల్లో సైతం వాళ్ల పేర్లు ఎక్కువగా వినిపించవు. విశ్వాసం కోసం రాజు ముందు నిలబడిన ఈ రెండు గుంపులనూ ఒకే ప్రయాణంలో పక్కపక్కన పెట్టి ఆలోచించాలనుకున్నాను. హిందూపురంలో దిగి, పెనుకొండ మీదుగా ధర్మవరం చేరడం నేను ఎంచుకున్న దారి.

హిందూపురంలో రైలు దిగి నాలుగడుగులు వేస్తే రెండు భాషలు చెవిన పడతాయి. తెలుగులో మొదలైన బేరం కన్నడంలో తెగుతుంది. బెల్లం, చింతపండు, ఎండుమిరప, పట్టుగూళ్లు, ఇవన్నీ చుట్టుపక్కల పల్లెల నుంచి ఇక్కడికే వస్తాయి. ఉదయం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, ఆదివారం కావడంతో ఒక పేటలోని చిన్న ప్రార్థన మందిరానికి వెళ్లాను. రేకుల కప్పు. నేల మీద జంపఖానాలు. ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. డోలక్, తాళాలతో పాటలు. వేదిక పక్కన చెక్క పలకలు తీస్తే కింద సిమెంటు తొట్టి, దాని నిండా నీళ్లు.

ఆ రోజు అక్కడ బాప్తిస్మం తీసుకుంటున్నవాళ్లలో ఒక నడివయసు తాపీమేస్త్రీ ఉన్నాడు. తెల్లబట్టలతో నీళ్లలోకి దిగాడు. పాస్టరు అందరికీ వినపడేలా అడిగాడు: "నీ అంతట నువ్వే వచ్చినావా? ఎవరన్నా బలవంతం చేసినారా?" మేస్త్రీ తల ఎత్తి, "నా అంతట నేనే వచ్చినా అయ్యగారూ" అన్నాడు. అప్పుడు ఆయన్ను వెల్లకిలా నీళ్లలో పూర్తిగా ముంచి లేపారు. మందిరమంతా పాట అందుకుంది.

నా పక్కన కూర్చున్న సంఘపెద్దకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. ప్రార్థన అయ్యాక మాట కలిపాను. "మా నాయనది పాత మిషన్ చర్చి సార్" అన్నాడాయన. "ఆడ చిలకరింపే. నాకూ పసిబిడ్డగా ఉన్నప్పుడే నీళ్లు చల్లినారంట. ఇరవై ఏండ్లప్పుడు నేనే మళ్లా నీళ్లలోకి దిగినా. మా నాయన శానా రోజులు నాతో మాట్లాడలే."

"మీరేం చెప్పారు ఆయనకు?"

"బైబిలు ముందర పెట్టి, చూడు నాయనా అంటి. ఆయన గూడా అదే బైబిలు ముందర పెట్టి, నువ్వే చూడ్రా అన్యాడు. అట్ల ఆయన సచ్చేదాకా ఇద్దరమూ వాదించుకుంటిమి. ఒక్క దినం గూడా మా నాయన నన్ను ఇల్లు విడిచి పొమ్మన్లే."

ఆ చివరి మాట దగ్గర నా మనసు చాలాసేపు ఆగిపోయింది. నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఇదే వాదానికి ఇల్లు విడవడం చిన్న శిక్ష. చెరసాల మామూలు శిక్ష.

మేస్త్రీ చెప్పిన "నా అంతట నేనే" అన్న మాటలో బాప్తిస్టుల సిద్ధాంతం మొత్తం ఉంది. ఇంగ్లండులో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ ఊరి చర్చిలో బాప్తిస్మం జరగాలి, పేరు ఆ చర్చి రిజిస్టరులో ఎక్కాలి. అలా చర్చి సభ్యత్వం, రాజు పౌరుడన్న గుర్తింపు ఒకే నీటిచుక్కతో వచ్చేవి. విశ్వాసం తెలిసి ఒప్పుకున్న మనిషికే బాప్తిస్మం ఇవ్వాలి, పసిబిడ్డకు ఇవ్వకూడదు అని ఎవరైనా అంటే, వాళ్లు పూజావిధానం గురించి మాత్రమే మాట్లాడుతున్నట్టు కాదు. పుట్టుకతో ఎవరూ ఒక మతానికి చెందరు, రాజు లెక్కల్లో నా ఆత్మ లేదు అంటున్నట్టు. అధికార చర్చి పండితులకు ఈ ప్రమాదం వెంటనే అర్థమైంది. అందుకే వాళ్లు ప్రతి పుస్తకంలోనూ మ్యూన్‌స్టర్ పేరు ఎత్తేవారు. 1534, 1535 సంవత్సరాల్లో జర్మనీలోని ఆ పట్టణాన్ని అనాబాప్తిస్టులు కొందరు ఆయుధాలతో ఆక్రమించుకున్నారు, రక్తం పారింది. పసిబిడ్డల బాప్తిస్మం వద్దనే ప్రతివాడూ రేపు కత్తి పడతాడు అన్నది వాళ్ల ఆరోపణ.

తొలి జవాబు రాసినవాళ్లలో ముఖ్యుడు థామస్ హెల్విస్. నాటింగ్‌హామ్‌షైర్ ప్రాంతపు స్థితిమంతుడు, న్యాయవిద్య చదివినవాడు. ఇంగ్లండు చర్చిలో పాదిరిగా పనిచేసి బయటికి వచ్చిన జాన్ స్మిత్‌తో కలిసి ఆంస్టర్‌డామ్ వెళ్లిపోయాడు. 1609లో స్మిత్ తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకుని, తర్వాత హెల్విస్‌కూ మిగతావాళ్లకూ ఇచ్చాడు. కొంతకాలానికి స్మిత్ అక్కడి మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖలో కలవాలనుకోవడంతో ఇద్దరి దారులూ వేరయ్యాయి. శ్రమలకు భయపడి పరదేశంలో దాక్కోవడం తప్పని హెల్విస్ నమ్మాడు. తిరిగి వెళ్తే ఏమవుతుందో తెలిసే లండన్ వెళ్లి, స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఇంగ్లండు నేల మీది మొదటి బాప్తిస్టు సంఘం పెట్టాడు. 1612లో అధర్మ మర్మం గురించి తాను రాసిన పుస్తకాన్ని జేమ్స్ రాజుకు పంపాడు. రాజు కూడా చనిపోయే మనిషే తప్ప దేవుడు కాదనీ, ప్రజల అమర ఆత్మల మీద ఆయనకు అధికారం లేదనీ దాని మొదటి ఆకు మీద స్వదస్తూరీతో రాశాడు. ఆ ప్రతి ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. హెల్విస్‌ను మాత్రం న్యూగేట్ చెరసాలలో వేశారు. 1616 నాటికే ఆయన కన్నుమూశాడు. ఆయన పుస్తకం వచ్చిన 1612లోనే, ఏప్రిల్ నెలలో, ఎడ్వర్డ్ వైట్‌మన్ అనే బట్టల వ్యాపారిని లిచ్‌ఫీల్డ్‌లో సజీవంగా కాల్చారు. అతని మీద మోపిన నేరాల్లో పసిబిడ్డల బాప్తిస్మాన్ని ఖండించడం కూడా ఒకటి. మతద్రోహం పేరుతో ఇంగ్లండులో మంటల్లో వేసిన చివరి మనిషి అతనే.

మధ్యాహ్నం లేపాక్షి వెళ్లాను. హిందూపురానికి పదిహేను కిలోమీటర్లు. విజయనగరపు అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో, పెనుకొండ సీమలో ఖజానా చూసిన విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం. కప్పు మీది బొమ్మల్లో చీరల అంచులు, తలపాగాల మడతలు ఇంకా రంగు పోలేదు. రాజ్యపు ఖజానా ఒక విశ్వాసం వెనుక నిలబడితే ఎంత అందం పుడుతుందో లేపాక్షి చూపిస్తుంది. ఆ అందానికి చేతులెత్తి మొక్కాను. అయితే అదే గుడి గోడ మీద రెండు ఎర్రటి మచ్చలను కూడా చూపిస్తారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న ఆరోపణ వచ్చినప్పుడు, రాజు శిక్ష వేయకముందే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి ఆ గోడకు విసిరాడని స్థానిక కథ. కథే అయినా అందులో ఒక ఎరుక ఉంది. రాజు సొమ్ముతో నిలిచిన విశ్వాసం రాజు దయతోనే నిలవాలి. నా సంచిలోని పుస్తకాలు ఆ దయ లేకుండా పుట్టినవి.

మర్నాడు పెనుకొండ. హిందూపురం నుంచి వచ్చే దారిలో గుట్టలు, వేరుశనగ చేలు. ఇటు హైవే పక్కన ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా ఫ్యాక్టరీ. అటు తలెత్తితే ఊరి మీదికి వంగినట్టుండే పెద్ద కొండ, దాని మీద కోట గోడలు. కోట ఉత్తర ద్వారం దగ్గరి శాసనం ఈ సీమను బుక్కరాయలు తన కొడుకు వీర విరూపణ్ణకు అప్పగించిన సంగతి చెబుతుంది. అది 1354 నాటి మాట. అంటే 1368లో మొరపెట్టుకోవడానికి వెళ్లినవాళ్లు రాజకుమారుడి పాలనలో ఉన్న ఊరివాళ్లు. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం కూలాక రాజధాని ఇక్కడికే వచ్చింది.

ముందుగా పార్శ్వనాథుని బసదికి వెళ్లాను. పాము పడగల నీడలో ఆకుపచ్చ రాతి విగ్రహం. జైనులు చెప్పుకునే నాలుగు విద్యాస్థానాల్లో ఢిల్లీ, కొల్లాపురం, జినకంచిలతో పాటు పెనుకొండ ఒకటి. ఒకప్పుడు ఇక్కడ తర్కం, వ్యాకరణం చదువుకున్న విద్యార్థుల గొంతులు వినిపించి ఉంటాయి. నేను వెళ్లినప్పుడు గర్భగుడి ముందు ఒక్క కుటుంబమే ఉంది. "కర్ణాటక నుంచే ఎక్కువమంది వస్తారు సార్" అని బసది చూసుకునే మనిషి చెప్పాడు. శాసనం సంగతి ఎత్తగానే ఆయన ముఖం వెలిగింది. "బుక్కరాయలు మనోళ్ల చెయ్యి పట్టుకున్యాడు గదా సార్" అన్నాడు, నిన్న మొన్న జరిగిన సంగతిలా.

నిజంగానే పట్టుకున్నాడు. పద్దెనిమిది నాడుల శ్రీవైష్ణవులను, శ్రీరంగం, తిరుమల, కంచి, మేలుకోటల ఆచార్యులను, సామంతులను, అన్ని వృత్తులవాళ్లను సమావేశపరిచి, జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టాడు. వైష్ణవ దర్శనానికీ జైన దర్శనానికీ భేదం లేదని ప్రకటించాడు. జైనులకు పూర్వం నుంచీ ఉన్న పంచమహావాద్యాలు, కలశం మునుపటిలాగే నడవాలన్నాడు. జైనులకు కీడు జరిగితే అది తమకు జరిగిన కీడుగానే వైష్ణవులు భావించాలన్నాడు. ఈ తీర్పును బసదులన్నింటిలో శాసనంగా నిలపాలన్నాడు. రాజ్యంలోని జైనుల ఇంటింటికీ ఏడాదికి ఒక హణం నాణెం చొప్పున వైష్ణవుడైన తిరుమల తాతయ్య వసూలు చేసి, ఆ సొమ్ముతో బెళగొళ దేవుడికి ఇరవైమంది కావలివాళ్లను పెట్టాలి, మిగిలినదాంతో పాడుపడిన జినాలయాలకు సున్నం వేయించాలి.

బసదిలో చతికిలబడి ఈ తీర్పును ఒక్కొక్క వాక్యంగా తలచుకున్నాను. ప్రపంచ చరిత్రలో ఆ కాలానికి ఇది ఎంత ఉదారమైన తీర్పో చెప్పాల్సిన పనిలేదు. అదే పద్నాలుగో శతాబ్దంలో ఐరోపాలో మతద్రోహులను వెదికి పట్టుకోవడానికి న్యాయస్థానాలు నడిచాయి. బుక్కరాయలు చేసిన మేలును నేను తక్కువ చేయను. అయినా ఆ తీర్పులో మూడు సంగతులు నన్ను కదిలించాయి. ఒకటి, రక్షణ దొరికింది కానీ దాని ఖర్చు రక్షణ కోరినవాళ్ల మీదే పడింది. రెండు, ఆ రక్షణను నడిపే పని బలమైన పక్షం చేతికే వెళ్లింది. మూడోది అన్నిటికంటే లోతైనది. రెండు దర్శనాలకూ భేదం లేదు కాబట్టి కలిసి ఉండండి అని రాజు అన్నాడు. మరి భేదం ఉంటే?

జైనుడికి సృష్టికర్త లేడు. వైష్ణవుడికి నారాయణుడే సర్వం. భేదం ఉంది. ఆ రెండు దర్శనాల పండితులూ శతాబ్దాలపాటు ఆ భేదం మీదే గ్రంథాలు రాశారు. భేదాన్ని కాదన్న మాట మీద కట్టిన శాంతి మంచిదే. కానీ భేదం బయటపడిన రోజున దానికి ఆధారం ఏముంటుంది? రాజు మంచితనం ఒక్కటే.

హెల్విస్ పుస్తకాన్ని ఇక్కడ తెరిస్తే దాని గొప్పతనం నాకు కొత్తగా కనిపించింది. ఆయన భేదం లేదని ఎక్కడా అనలేదు. పోపును తప్పుపట్టాడు, ఇంగ్లండు బిషప్పులను తప్పుపట్టాడు, ప్యూరిటన్లను, తనలాగే చర్చి నుంచి విడిపోయిన ఇతర గుంపులను కూడా వరసపెట్టి తప్పుపట్టాడు. మెత్తటి మాట ఒక్కటీ లేదు. అయినా వాళ్లలో ఎవరినీ శిక్షించే అధికారం రాజుకు లేదన్నాడు. మనిషి తప్పుడు మతంలో ఉన్నా, తురకవాడైనా, యూదుడైనా, దేవుడికి జవాబు చెప్పుకోవలసింది ఆ మనిషే తప్ప ఆ మనిషి తరఫున రాజు కాదు అన్నాడు. "నువ్వు పూర్తిగా తప్పు, అయినా నిన్ను ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు" అన్నది ఆయన వాదపు సారం. పెనుకొండ జైనులు మంచి రాజును రక్షణ అడిగారు. హెల్విస్ తన రాజుతో, ఈ విషయం నీ చేతిలోదే కాదు, ఇవ్వడానికైనా తీసుకోవడానికైనా అన్నాడు.

హెల్విస్ తర్వాత ఆ సంఘాన్ని నడిపిన జాన్ మర్టన్ తోళ్ల పని చేసుకునేవాడు. 1615లో ఆయన సంభాషణ రూపంలో ఒక పుస్తకం తెచ్చాడు. ప్రత్యర్థి అడగగలిగిన ప్రశ్నలన్నీ అందులో ప్రత్యర్థి నోటనే అడిగించి, ఒక్కొక్కదానికి జవాబు చెప్పాడు. రాజుకు విధేయతా ప్రమాణం చేసే ఏ మనిషినీ మతం కారణంగా హింసించకూడదన్నది దాని సారాంశం. 1620లో న్యూగేట్ చెరసాల నుంచి వచ్చిన మరో విన్నపం పుట్టిన తీరును, మనస్సాక్షి స్వేచ్ఛ కోసం వాదించిన రోజర్ విలియమ్స్ 1644లో తన పుస్తకంలో చెప్పాడు. ఖైదీకి కాగితం, సిరా ఇవ్వరు. బయటి స్నేహితులు పంపే పాలసీసాకు బిరడాగా చుట్టిన కాగితం ఉండేది. ఖైదీ దాని మీద పాలతో రాసేవాడు. బయటికి చేరాక మంటకు చూపిస్తే అక్షరాలు తేలేవి. మనస్సాక్షి స్వేచ్ఛ గురించి మనం చదువుకునే మాటల్లో కొన్ని అలా పాలతో రాసినవి. ఆ సంగతి చెప్పిన రోజర్ విలియమ్స్ పుస్తకాన్ని అదే 1644లో లండన్‌లో తలారి చేత తగలబెట్టించారు.

పెనుకొండలోని పాత రాజభవనం గగన్ మహల్ మెట్ల మీద కూర్చుని చదివిన మరో సంఘటన డేనియల్ ఫీట్లీది. ఇంగ్లండు చర్చి పండితుల్లో పేరున్నవాడు. 1642లో లండన్ దగ్గరి సదర్క్‌లో బాప్తిస్టులతో బహిరంగ వాదం చేసి, 1645లో ముంపు బాప్తిస్మం ఇచ్చేవాళ్లను ఎగతాళి చేస్తూ పుస్తకం అచ్చువేశాడు. అప్పటికి అంతర్యుద్ధం నడుస్తోంది, ఆ మధ్యలో పార్లమెంటు వాళ్లు ఆయన్నే ఖైదు చేశారు. అదే చెరలోకి హెన్రీ డెన్ అనే బాప్తిస్టు బోధకుడిని కూడా తెచ్చారు. డెన్ ఆ పుస్తకం చదివి, అదే గోడల మధ్య ఉన్న రచయితనే వాదానికి పిలిచి, ఆ తర్వాత జవాబు పుస్తకం రాశాడు. లండన్‌లోని ఏడు బాప్తిస్టు సంఘాలు 1644లో అచ్చువేసిన విశ్వాస ప్రకటనను 1646లో సవరించి మళ్లీ తెచ్చాయి. ఫీట్లీ ఎత్తిచూపిన చోట్ల మాటలు మరింత స్పష్టం చేశాయి. ప్రత్యర్థి విమర్శను చదివి తమ మాటను మెరుగుపరచుకున్న ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. అధికారం ఒకసారి ఇటు, ఒకసారి అటు మారే లోకంలో, నిన్న విమర్శించినవాడు నేడు ఖైదీ కావచ్చు. ఖైదు ఎవరికీ ఉండకూడదన్న వాదానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సాయంత్రం బాబయ్య దర్గాకు వెళ్లాను. బాబా ఫకృద్దీన్ సమాధి. చాదర్లు, మల్లెలు పట్టుకుని వచ్చినవాళ్లలో నుదుట బొట్టున్న ఆడవాళ్లూ ఉన్నారు. విజయనగర రాజుల రాజధాని పెనుకొండ నుంచి చంద్రగిరికి మారాక, 1598లో వెంకటపతిరాయలు జెస్యూట్ పాదిరీలను ఆదరించి చర్చి కట్టుకోనిచ్చాడు. లిచ్‌ఫీల్డ్ మంటలకు పద్నాలుగేళ్ల ముందు మాట అది. బసది, దర్గా, కోటలోని మసీదు, రామాలయం ఒకే కొండ నీడలో బతికిన ఊరు పెనుకొండ. ఈ ఊరి ప్రజలకు కలిసి ఉండడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ కలిసి ఉండడం రాజు మారినా చెదరకుండా ఉండాలంటే ఏం కావాలన్నదే నా ప్రశ్న.

ధర్మవరానికి బస్సులో వెళ్లాను. ఊళ్లోకి అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు. ఒక నేతన్న ఇంట్లో గుంటమగ్గం పక్కన కూర్చున్నాను. పైన జకార్డు అట్టలు తిరుగుతున్నాయి, నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది, జరీ అంచు కొంచెం కొంచెంగా పెరుగుతోంది. పని చేస్తూనే ఆయన తత్వాలు పాడుకుంటున్నాడు. ఎవరివని అడిగాను. "కైవారం తాతయ్యవి. మా తాత నేర్పించినాడు. ఆయప్ప గాజులమ్ముకునేటోడు గదా, మాలాంటోడే" అన్నాడు. కదిరి వైపు కటారుపల్లెలో సమాధి ఉందని చెప్పుకునే వేమన్నను కూడా తలుచుకున్నాడు. గాజుల సంచి మోసిన మనిషి, పొలం దున్నే కులంలో పుట్టిన మనిషి దేవుడి గురించి మాట్లాడితే ఈ సీమ చెవి ఒగ్గి విన్నది. ఆ మాటలను మగ్గాల దగ్గర, కళ్లాల దగ్గర దాచుకున్నది.

ఇంగ్లండు పండితులకు బాప్తిస్టుల మీద ఉన్న పెద్ద కోపం కూడా ఇదే. చేతివృత్తులవాళ్లు వేదాంతం మాట్లాడడమేమిటని. బెంజమిన్ కీచ్ దర్జీ. పిల్లల కోసం చిన్న వాచకం రాసి, అందులో పసిబిడ్డలకు బాప్తిస్మం అక్కర్లేదని, చదువుల పట్టా లేనివాడు కూడా బోధించవచ్చని అన్నాడు. 1664లో అతన్ని ఐల్స్‌బరీలో విచారించి, చెక్కబొండలో మెడ, చేతులు బిగించి ఆ ఊళ్లో రెండు గంటలు, విన్‌స్లో సంతలో రెండు గంటలు నిలబెట్టారు. ఇరవై పౌండ్ల జరిమానా వేశారు. పుస్తకాన్ని అతని కళ్ల ముందే తగలబెట్టారు. తర్వాత అతను దాన్ని జ్ఞాపకం మీద మళ్లీ రాశాడు. జాన్ బన్యన్ పాత్రలకు మాట్లు వేసే కుటుంబంవాడు. అనుమతి లేకుండా బోధించినందుకు 1660 నుంచి 1672 దాకా బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉన్నాడు. అక్కడ బూట్లకు కట్టే దారాలు చేసి అమ్మించి భార్యాబిడ్డలను పోషించాడు. బోధించనని ఒక్క మాట ఇస్తే వదిలేస్తామన్నారు. ఇవ్వలేదు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో 'యాత్రికుని ప్రయాణము'గా చదువుకునే పుస్తకం ఆయనది.

ఆ పరంపరలో మిషనరీగా మన దేశానికి వచ్చిన విలియం కేరీ చెప్పులు కుట్టిన మనిషి. 1806లో వెల్లూరు సిపాయిల తిరుగుబాటు జరిగాక, మిషనరీలే దీనికి కారణమని ఇంగ్లండులో కరపత్రాలు వచ్చాయి. 1808లో అధికార చర్చి పాదిరి సిడ్నీ స్మిత్ ఎడిన్‌బరో రివ్యూలో బాప్తిస్టు మిషనరీలను ఎగతాళి చేశాడు. వాళ్ల తరఫున ఆండ్రూ ఫుల్లర్ అదే ఏడాది ఓపిగ్గా, ఒక్కొక్క ఆరోపణకూ జవాబు రాశాడు. సిరాంపూర్‌లో కేరీ 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. 1818లో అక్కడి నుంచే తెలుగు కొత్త నిబంధన వచ్చింది. ఆ తర్వాత అమెరికన్ బాప్తిస్టులు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పనిచేశారు. 1876 నుంచి 1878 దాకా ఈ రాయలసీమను కూడా తుడిచిపెట్టిన పెద్ద కరువులో, అన్నం కోసం బాప్తిస్మమనే మాట రాకూడదని వాళ్లలో ఒకరైన జాన్ క్లౌ నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఎక్కువమంది మాదిగలు. అప్పుడు కూడా తోటి మిషన్ల నుంచి విమర్శలు వచ్చాయి. ఇంత త్వరగా, ఇంతమందికి, ఇంత తక్కువ బోధతోనా అని. క్లౌ జవాబు చెప్పుకున్నాడు. కానీ అసలు జవాబు ఆ నీళ్లలోకి దిగినవాళ్లదే. పుట్టుక నిర్ణయించిన చోటును "నా అంతట నేనే" అన్న మాటతో వాళ్లు కాదన్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్ట్, తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు తెలుగు బాప్తిస్టులు అందులో చేరలేదు. హిందూపురంలో ఆ తండ్రీకొడుకుల వాదం వెనుక ఈ చరిత్ర అంతా ఉంది.

ఆ చరిత్ర చివరికి చేరిన చోటు మన రాజ్యాంగంలోని 25వ అధికరణం. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులకు లోబడి అందరికీ మనస్సాక్షి స్వేచ్ఛ ఉందని అది చెబుతుంది. పౌరులకు అని అనలేదు, వ్యక్తులందరికీ అన్నది. భేదం లేదు కాబట్టి అని కూడా అనలేదు. 1368లో పెనుకొండ నుంచి వెళ్లినవాళ్లు విన్నపంగా అడిగినది 1950లో హక్కుగా మారింది. అయినా పని పూర్తి కాలేదు. అదే 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. తరవాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దాన్ని సవరించారు, క్రైస్తవులకు సవరించలేదు. మన రాష్ట్రం వాళ్లను బీసీ-సి లో ఉంచింది. గుండ్లకమ్మలో దిగినవాళ్ల మునిమనవళ్లు నేటికీ తమ మనస్సాక్షికి వెల కడుతున్నారు. బుక్కరాయల నాటి ఇంటికొక హణం ఇంకా పూర్తిగా రద్దు కాలేదు.

ధర్మవరం స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నప్పుడు ఈ మూడు ఊళ్లు నాకు ఒకే వాదంగా కనిపించాయి. మంచి రాజు చేయి పట్టుకోవడం గొప్ప విషయం. కానీ మంచి రాజు తర్వాత ఎవరు వస్తారో ఎవరికీ తెలియదు. అందువల్ల ఎవరి చేయీ పట్టుకోకుండా నిలబడగలిగే హక్కు కావాలి. ఆ హక్కును ఎవరికి వాళ్లు తమ కోసం అడగడం సులువు. హెల్విస్, మర్టన్ వంటివాళ్లు దాన్ని తాము తప్పని నమ్మిన మనుషుల కోసం కూడా అడిగారు, అడిగినందుకు చెరపాలయ్యారు. ఈ పరీక్షలో నెగ్గినప్పుడే ఏ విశ్వాసమైనా తన స్వేచ్ఛకు అర్హమవుతుంది. బాప్తిస్టు సంఘం బసది పక్షాన, దర్గాకు వెళ్లేవాడు ప్రార్థన మందిరం పక్షాన, గుడికి వెళ్లేవాడు ఈ అందరి పక్షాన నోరు తెరవాలి. వాళ్ల సిద్ధాంతాన్ని ఒప్పుకోకుండానే, వాళ్లతో వాదిస్తూనే తెరవాలి. హిందూపురం సంఘపెద్ద తండ్రి ఆ పని తన ఇంట్లో చేశాడు. కొడుకుతో చచ్చేదాకా వాదించాడు, ఇంటి తలుపు మాత్రం ఎన్నడూ మూయలేదు. ఒక ఇంట్లో సాధ్యమైనది ఒక దేశంలో సాధ్యం కావాలని అడగడం అత్యాశ కాదు. అది మన హక్కు, మన బాధ్యత కూడా.